పాడేరు మన్యంలో జ్వరాల కాలం

పాడేరు

జూలై మొదటి వారం. ఘాట్ ఎక్కేసరికి మబ్బు రోడ్డు మీదికే దిగి ఉంది. బజారులో అనాస పళ్ళు, పనస తొనలు, వానకి కప్పుకునే ప్లాస్టిక్ పట్టాలు ఒకే వరసలో పెట్టి అమ్ముతున్నారు. మన్యంలో చలిజ్వరాలూ విరేచనాలూ జోరందుకునే కాలం ఇదే. హుకుంపేట, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాల లోపలి గూడేలకు వెళ్ళి, అక్కడి ఆశా కార్యకర్తలతో కలిసి దోమతెర, తాగేనీరు, ఓఆర్ఎస్, గోడలకు కొట్టే మందు గురించి చెప్పి రావడం మా పని.

2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి పాడేరు జిల్లా కేంద్రమైంది. లాడ్జీలు, టిఫిన్ హోటళ్ళు పెరిగాయి. గూడేల దారులు మాత్రం చాలాచోట్ల సగం జీపు, సగం కాలినడక. అందుకని సంచి బరువు ముందే చూసుకోవాలి. మా సంచుల్లో పెట్టినవి: తెల్ల పింగాణీ పళ్ళెం, పొడుగు కాడ గరిటె, టార్చిలైటు, లీటరు ఖాళీ సీసాలు, పసుపు, కొబ్బరినూనె, పది రూపాయల సబ్బులు ఓ డజను, నైలాన్ తాడు చుట్ట, మేకులు, ఓఆర్ఎస్ పాకెట్లు. పోస్టర్లు పట్టుకెళ్ళలేదు. లోపలి గూడేల్లో ఇంట్లో మాట్లాడేది కువి, లేకపోతే ఆదివాసీ ఒడియా. తెలుగు అక్షరాలతో నిండిన కాగితం గోడకెక్కుతుంది గానీ బుర్రకెక్కదు. చేత్తో చేసి చూపిస్తే, ఆ చేసింది వాళ్ళ చేత కూడా చేయిస్తే, భాష సగం అడ్డు తొలగుతుంది.

వేళ ఇంకో చిక్కు. పదకొండు గంటలకు మీటింగు పెడితే ముసలివాళ్ళూ పిల్లలే వస్తారు. మిగతావాళ్ళంతా పోడు మీదో మడి దగ్గరో ఉంటారు. పొద్దున ఏడు లోపు, లేదా సాయంత్రం ఆరున్నర దాటాక, ఈ రెండే మాట చెల్లే సమయాలు. ఈ కార్యక్రమాలు ఆఫీసు వేళల్లో జరుగుతాయి కాబట్టే రిజిస్టరులో సంతకాలుంటాయి, ఇళ్ళలో మార్పుండదు.

హుకుంపేట వైపు

షేర్ ఆటోకి మనిషికి నలభై రూపాయలు, సామానుకి ఇంకో ఇరవై. రోడ్డు దిగాక గెడ్డ (కొండవాగు) వెంబడి నడక.

గూడెంలో అడుగుపెట్టగానే ఇళ్ళలోకి తొంగిచూడకూడదు. ముందు ఊరి పెద్ద అరుగు మీద కూర్చోవాలి, ఇచ్చిన చోడి (రాగి) అంబలి తాగాలి, పంటల సంగతి మాట్లాడాలి, ఆ తర్వాతే వచ్చిన పని. అంబలి ఉడికిందే కాబట్టి దానితో భయం లేదు. పలచన చెయ్యడానికి కలిపిన చన్నీళ్ళు ఎక్కడివన్నది మాత్రం అడగొచ్చు. నీళ్ళ గురించి మాట మొదలుపెట్టడానికి అదే మంచి దారి.

మొదటి ఇంట్లో ప్రభుత్వం ఇచ్చిన దోమతెర కవరు విప్పి, మళ్ళీ మడిచి అటక మీద పెట్టి ఉంది. ఎందుకు కట్టలేదని అడిగితే ఆ ఇంటి ముసలమ్మ, "కట్టిన రాత్రే మొహం మండిపోయింది బాబూ, పిల్లాడు గోక్కున్నాడు, తీసి పడేశాం" అంది. ఈ ఫిర్యాదు ఊరూరా వినిపిస్తుంది. తెర దారంలోనే మందు ఉంటుంది. కవరు నుంచి తీసిన రోజే కట్టుకుంటే మొహం, కళ్ళు మండుతాయి. తీసిన తెరని ఒక పగలూ ఒక రాత్రీ, అంటే 24 గంటలు, నీడలో ఆరేసి ఆపైన కడితే ఆ మంట ఉండదు. ఎండలో ఆరేస్తే మందు దెబ్బతింటుంది. తెరలు పంచే రోజున ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల అటకెక్కిన తెరలు చాలా ఉన్నాయి.

కట్టడం కూడా చూపించాల్సిందే. గోడలు మట్టివి, మేకు నిలవదు. ఇంటి దూలాలకీ వాసాలకీ తాడు వెయ్యాలి. ఒక్కో మూలకి మీటరున్నర తాడు పడుతుంది. అందరూ నేల మీద చాప వేసుకుని పడుకుంటారు కాబట్టి తెర అంచు జానెడు చాప కిందికి దోపాలి, లేకపోతే దోమ కింది నుంచి వస్తుంది. ఇద్దరికో తెర అన్న లెక్కకి మించి నలుగురు దూరితే ఎవరి మోచెయ్యో తెరకి ఆనుకుంటుంది, దోమ బయట నుంచే కుట్టేస్తుంది. పొద్దున లేవగానే మెలిపెట్టి పైకి కట్టెయ్యాలి. వంటా పడకా ఒకే గదిలో అయితే పొయ్యికి దూరంగా కట్టాలి. నిప్పురవ్వ పడొచ్చు, పైగా పొగచూరిన తెరని మాటిమాటికీ ఉతకాలనిపిస్తుంది. తెరలో మందు సుమారు 20 ఉతుకుల దాకా నిలుస్తుంది. రెండు నెలలకోసారి, మామూలు సబ్బుతో, చన్నీళ్ళతో ఉతికితే మూడేళ్ళకి 18 ఉతుకులు. బండకేసి బాదకూడదు, గెడ్డలో జాడించకూడదు, ఆ మందు చేపలకి విషం. పాత తెరని చేపల వలగా వాడేవాళ్ళకి కూడా ఇదే చెప్పాలి.

పిల్లలకి పింగాణీ పళ్ళెం నచ్చింది. గెడ్డ ఒడ్డున గడ్డి వంగి నీళ్ళు నెమ్మదించిన చోట గరిటెతో ముంచి, పళ్ళెంలో పోసి, కదపకుండా నిమిషం ఆగితే పురుగులు కనిపిస్తాయి. నీటిమట్టానికి సమాంతరంగా పడుకుని ఉన్నవి మలేరియా దోమ పిల్లలు. తలకిందులుగా వేలాడేవి మామూలు మురుగు దోమవి. ఈ కొండల్లో మలేరియా తెచ్చే వాటిలో ముఖ్యమైన అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ ఇలాంటి తేటగా, మెల్లగా పారే నీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. మురికి కాలవ లేదు కదా మాకు దోమలెక్కడివి అనుకునే గూడేనికి ఈ పళ్ళెం చూపిస్తే చాలు. గెడ్డ మొత్తాన్ని బాగుచెయ్యడం ఎవరి వల్లా కాదు. నీళ్ళు తోడుకునే రేవు దగ్గర ఒడ్డు గడ్డి కోసేస్తే కొంత తగ్గుతుంది. అసలు రక్ష తెర, గోడమందు. బ్రిటిష్ వైద్యుడు రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో ఈ రోగక్రిమిని చూశాడు. ఇక్కడ ఇప్పటికీ చాలామంది చలిజ్వరం వాననీళ్ళ వల్లే వస్తుందంటారు. వాళ్ళ లెక్కా పూర్తిగా తప్పు కాదు, వానకీ దోమకీ ఉన్న చుట్టరికాన్ని వాళ్ళు సగమే చూశారు.

చేను కాపుకి మంచె మీద పడుకునేవాళ్ళకి మరో తెర కావాలి. పంట కంకి పట్టాక మగవాళ్ళు నెలల తరబడి అక్కడే ఉంటారు, ఇంట్లో తెర ఇంట్లోనే ఉంటుంది. పంపిణీ లెక్కల్లో మంచెకి చోటులేదు. ఇంట్లో ఎంతమంది అని అడిగేటప్పుడే రాత్రి ఎవరు ఎక్కడ పడుకుంటారో కూడా రాసుకుంటే సరిపోతుంది.

పెదబయలు లోపల

మర్నాడు దారి తప్పింది. రెండు బాటలు చీలిన చోట పశువుల కాపరి కుర్రాడు చెప్పింది సరిగా అర్థంకాక, వెళ్ళాల్సిన ఎగువ గూడేనికి బదులు దిగువ గూడెం చేరాం. మేలే జరిగింది. ఎగువవాళ్ళు బట్టలుతికి, పశువుల్ని కడిగే గెడ్డ పాయ తిన్నగా దిగువవాళ్ళ ఊటగుంటలోకి వస్తోంది. కొత్త వాన పడ్డప్పుడల్లా కొండ మీది మలమూత్రాలు కూడా కొట్టుకొచ్చేది అటే. ఎగువ నుంచి చూస్తే ఇది తెలియదు. ఏ ఊళ్ళోనైనా నీళ్ళ గురించి మాట్లాడే ముందు నీటికి ఎదురు నడవాలి, కనీసం ఒక ఫర్లాంగు.

మధ్యాహ్నం ఒక ఇంట్లో అడ్డాకు విస్తట్లో అన్నం, వెదురు కొమ్ముల కూర పెట్టారు. కొమ్ముల్ని సన్నగా తరిగి, ఉడికించి, చేదు నీళ్ళు పారబోసి మళ్ళీ వండుతారు. పచ్చిమిరప ఘాటుకి కళ్ళు చెమర్చాయి. డబ్బు తీసుకోలేదు. సబ్బులిస్తే తీసుకున్నారు.

ఎగువ గూడెంలో బావి ఉంది. బ్లీచింగ్ పౌడరు బస్తా కూడా ఉంది. బావిలో ఎంత వేస్తారంటే రెండు దోసిళ్ళు అన్నారు. దాంతో నీళ్ళు కంపుకొట్టి ఆడవాళ్ళు మళ్ళీ గెడ్డ నీళ్ళకే పోతున్నారు. లెక్క కష్టమేమీ కాదు. బావి వ్యాసాన్ని వ్యాసంతో, దాన్ని నీటి లోతుతో, వచ్చినదాన్ని 785తో గుణిస్తే లీటర్లు వస్తాయి, కొలతలు మీటర్లలో ఉండాలి. ఇక్కడ వ్యాసం 2 మీటర్లు, లోతు 3 మీటర్లు, అంటే 9,420 లీటర్లు. వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ చొప్పున 24 గ్రాములు. అంటే ఓ గుప్పెడైనా కాదు. పౌడరుని బకెట్లో కొద్ది నీళ్ళతో ముద్దగా కలిపి, ముప్పాతిక బకెట్టు దాకా నీళ్ళు పోసి, పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. అడుగున సున్నం పేరుకుంటుంది. పైతేటని ఇంకో బకెట్లోకి వంపుకుని, దాన్ని తాడుతో బావిలోకి దించి, నీళ్ళ లోపల పైకీ కిందికీ ఆడించాలి. సున్నం బావిలో పోస్తే నీళ్ళ కాఠిన్యం పెరుగుతుంది, దాన్ని దూరంగా పారబొయ్యాలి. ఆపైన గంటసేపు ఎవరూ తోడకూడదు. అందుకే రాత్రి ఆఖరి బిందె తోడాక వెయ్యడం మేలు. గంట తర్వాత పరీక్ష గొట్టంలో ఆ నీళ్ళు పోసి, క్లోరిన్ ఉంటే రంగు తిరిగే ఆర్థోటోలిడిన్ చుక్కలు వేస్తే నీళ్ళు లేత పసుపు రంగుకి తిరగాలి. లీటరుకి అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. రంగు రాకపోతే వాననీటి మురికి క్లోరిన్‌ని తినేసింది, లేదా పౌడరు పాతబడింది. మూతి తెరిచి ఉంచిన బస్తాలో బలం రోజురోజుకీ పోతుంది. ఈ ఊళ్ళో రంగు రాలేదు. బస్తా సచివాలయం వరండాలో తడిసిందే.

పారే ఊటలో బ్లీచింగ్ వెయ్యడం వృథా, అది నీటితో పాటే పోతుంది. దిగువ గూడేనికి బిందెలోనే శుద్ధి చెయ్యాలి. 20 లీటర్లకి అర గ్రాము క్లోరిన్ బిళ్ళ ఒకటి వేసి అరగంట ఆగాలి. కట్టెలకి కరువు లేదు కాబట్టి కాచినా సరే, కుతకుత మరగడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు. కాచిన నీళ్ళలో మళ్ళీ చెయ్యి ముంచితే కాచింది దండగ. మూత, కాడ ఉన్న గ్లాసు కావాల్సింది అందుకే.

చేతుల సంగతికి పసుపు వాడాం. కొబ్బరినూనెలో పసుపు కలిపి ఒకరి అరచేతికి రాస్తే, వాళ్ళు పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుంటారు, వాళ్ళు ఇంకొకళ్ళది. నాలుగో మనిషి చేతికీ పసుపు కనిపిస్తుంది. తర్వాత ఒకరు వట్టి నీళ్ళతో, ఒకరు బూడిదతో, ఒకరు సబ్బుతో కడగాలి. నీళ్ళతో కడిగిన చేతి గోళ్ళ సందుల్లో పసుపు అలాగే ఉంటుంది. బొటనవేలి వెనక కూడా. ఇది చూశాక ఉపన్యాసం అక్కర్లేదు. చెయ్యి కడుక్కునే చోట నీళ్ళుండాలి, అంతే. అయిదు లీటర్ల నూనె డబ్బాకి మూతి కింద బెత్తెడు దూరంలో కాల్చిన మేకుతో చిన్న బెజ్జం పెట్టి, రెండు పంగల కర్రల మధ్య వేలాడదీసి, డబ్బా మెడకి కట్టిన తాడుని కింద కర్రముక్కకి కడితే, కాలితో తొక్కినప్పుడు డబ్బా వంగి నీళ్ళు పోస్తుంది. నీళ్ళు బెజ్జం దాకానే నింపాలి, ఎక్కువైతే ఊరికే కారిపోతాయి. సబ్బుని పాత దోమతెర ముక్కలో మూటకట్టి వేలాడదియ్యాలి. విడిగా పెడితే కాకి ఎత్తుకుపోతుంది.

ఓఆర్ఎస్‌తో తరచూ జరిగే తప్పు కొలతది. పాకెట్టు మొత్తం లీటరు నీళ్ళకి. ఇళ్ళలో లీటరు గిన్నె ఉండదు, అందుకని చెంబులో సగం పాకెట్టు వేసి కలుపుతారు. ఉప్పు ఎక్కువై పిల్లాడు కక్కుకుంటాడు, మందు పడలేదంటారు. ఖాళీ నీళ్ళ సీసా ఇంటికొకటి ఇచ్చి, అందులోనే కలపమని చెప్పడం సులువు. రెండేళ్ళ లోపు పిల్లలకి విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆపై వాళ్ళకి 100 నుంచి 200. కక్కితే పది నిమిషాలు ఆగి, చెంచాతో ఇంకా నెమ్మదిగా. కలిపింది 24 గంటల తర్వాత పారబొయ్యాలి. దానితోపాటు జింకు బిళ్ళ 14 రోజులు: ఆరు నెలలు దాటినవాళ్ళకి 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల వాళ్ళకి 10. కళ్ళు లోతుకి పోయినా, పొట్ట మీద చర్మం చిటికెతో లాగి వదిలితే నెమ్మదిగా సర్దుకున్నా, మలంలో రక్తం పడినా, తాగలేకపోయినా ఇక ఇంట్లో ఉంచకూడదు. రోడ్డు లేని చోటికి బైకు అంబులెన్సు, అదీ రాలేకపోతే డోలీ. చీకటి పడకముందే బయల్దేరాలి.

ముంచంగిపుట్టు

ఒడిశా సరిహద్దు. గోడమందు రెండో విడత నడుస్తోంది. పంపు బృందం వస్తోందని ముందురోజు సాయంత్రం బారిక చేత చాటింపు వేయించారు. అయినా పొద్దున సగం ఇళ్ళకి తాళాలు. ఎందుకంటే నాట్లు. ఇక్కడ బాగా పనిచేసిన ఉపాయం, ఏ వీధి ఏ పూటన్నది చాటింపులోనే చెప్పడం. రోజంతా ఇంట్లో ఉండమంటే ఎవరూ ఉండరు.

గోడమందు ఆల్ఫాసైపర్‌మెథ్రిన్ 5 శాతం పొడి 250 గ్రాములు, నీళ్ళు 10 లీటర్లు. ఇది 500 చదరపు మీటర్ల గోడకి, అంటే చదరపు మీటరుకి 25 మిల్లీగ్రాముల మందు. సుమారుగా మూడిళ్ళకి సరిపోతుంది. నాజిల్ గోడకి 45 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, పై నుంచి కిందికి నిలువు పట్టీలుగా కొట్టాలి. గోడ మీద నీళ్ళు ధారగా కారుతుంటే దగ్గరగా పెట్టినట్టు, లేదా నాజిల్ అరిగినట్టు. నిమిషానికి 740 నుంచి 850 మిల్లీలీటర్లు రావాలి. కొలగ్లాసు పట్టి చూస్తే తెలిసిపోతుంది, ఎవరూ పట్టరు. పొడి అడుగున పేరుకోకుండా బకెట్టు కలుపుతూ ఉండాలి, లేదంటే మొదటి ఇంటికి నీళ్ళు, చివరి ఇంటికి బురద.

లోపలి గదిలోకి, దేవుడి మూలకి బయటివాళ్ళని రానివ్వరు. బలవంతం చేస్తే మొత్తం ఇంటికే వద్దంటారు. పంపు పట్టే కుర్రాడు ఆ ఊరివాడే అయితే, ధాన్యం గాదెల్ని ఇంటావిడే కప్పుకుంటే, చాలా తలుపులు తెరుచుకుంటాయి. దోమ మాత్రం చీకటి మూలలోనే వాలుతుంది కాబట్టి ఆ గది వదిలేస్తే కొట్టినదాంట్లో సగం పోయినట్టే.

అన్నిటికన్నా పెద్ద నష్టం ఎర్రమన్ను. పండగ వస్తోందంటే గోడలు అలుకుతారు, ఎంతో అందంగా. మందు మీద మన్ను పడితే దోమ కాలికి మందు తగలదు. కొట్టిన మందు 10 నుంచి 12 వారాలు పనిచేస్తుంది. "అలకొద్దు" అంటే కుదరదు. పండగ ఎప్పుడో ముహూర్తాలు చెప్పే దిసారిని అడిగి, అలికాకే మందు కొట్టేలా తేదీ సర్దుకోవాలి. ఈ ఊరి ఆశా ఆ పని చేసింది. ఆమె ఇంటి గోడ మీద ఆరిన తెల్లటి మరకలు పట్టీలు పట్టీలుగా, ఎక్కడా ఖాళీ లేకుండా కనిపించాయి.

ఆమె కిట్టుతో మలేరియా జ్వరపరీక్ష చేస్తుంటే చూశాం. స్పిరిట్‌తో తుడిచిన వేలు పూర్తిగా ఆరాకే గుచ్చింది, మొదటి చుక్క తుడిచేసింది. 5 మైక్రోలీటర్ల రక్తం ఒక గుంటలో, కిట్టుతో వచ్చే బఫర్ ద్రవం ఇంకో గుంటలో. కిట్టు మీద రాసిన నిమిషాలకే చూసింది. గంట ఆగి చూస్తే లేని గీత కనిపించొచ్చు. కిట్టు పనిచేసిందని చూపే కంట్రోల్ గీత రాకపోతే పరీక్ష చెల్లదు, ఇంకో కిట్టు తియ్యాలి. వానాకాలం చెమ్మకి కిట్లు పాడవుతాయి కాబట్టి బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టుకుంది. పాకెట్టు చింపాక వెంటనే వాడాలి.

వైవాక్స్ రకం మలేరియా తేలితే క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు. మూడో రోజుకి జ్వరం పోతుంది, నాలుగో రోజుకి బిళ్ళలు గూట్లోకి పోతాయి. క్రిమి కాలేయంలో నిద్రపోతూ ఉంటుంది, నెలల తర్వాత మళ్ళీ లేస్తుంది. ఆమె రోగి ఇంటి గుంజ మీద బొగ్గుతో 14 గీతలు గీసి, రోజుకొకటి చెరిపేయమంది. గర్భిణులకీ, ఏడాది లోపు పిల్లలకీ ప్రైమాక్విన్ ఇవ్వరు. మూత్రం నల్లగా వస్తే ఆ పూటే ఆపేసి ఆసుపత్రికి వెళ్ళాలన్న మాట రెండుసార్లు చెప్పి, తిరిగి వాళ్ళ నోటితో చెప్పించింది.

తిరుగుదారి, సంత

సంతలో పసుపు కొమ్ములు, పిప్పళ్ళు, ఎండుచేప, జీలుగు కల్లు, కొత్త దుప్పట్లు. చెట్టు కింద మాంసం అడ్డాకుల్లో పోగులు వేసి అమ్ముతున్నారు. ఇక్కడ చెప్పి తీరాల్సింది ఆంత్రాక్స్, పశువైద్యులు దొమ్మ రోగం అనేది. ఉన్నట్టుండి చచ్చిన పశువుని కోసి పంచుకోవడం మన్యంలో ఉంది, ఎందుకంటే మాంసం దొరికేది అప్పుడప్పుడే. తిట్టి లాభం లేదు. ముక్కు నుంచో మలద్వారం నుంచో గడ్డకట్టని నల్లరక్తం కారుతూ చచ్చిన పశువుని కొయ్యకూడదు, తోలు తియ్యకూడదు అని గుర్తుతో సహా చెప్పాలి. కోస్తే క్రిమి గాలి తగిలి గింజలా గట్టిపడి మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటుంది. కోసిన చేతికి నొప్పిలేని పుండు లేచి మధ్యలో నల్లటి పెచ్చు కడుతుంది. నొప్పి లేదు కదా అని వదిలేస్తారు. తొందరగా వెళ్తే యాంటీబయాటిక్‌తో నయమవుతుంది. కళేబరాన్ని రెండు మీటర్ల లోతున సున్నం వేసి పాతాలి, 1962కి ఫోను చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది. మిగిలిన మందకి ఏటా టీకా. గొర్రెల వ్యాపారి ఒకాయన ఈ మాటలు చివరిదాకా విని, "టీకాకి డబ్బులడుగుతారా?" అన్నాడు. లేదని చెప్పాక తన ఊరి పేరు రాసుకోమన్నాడు.

ఖర్చు ఎక్కువ లేదు. సబ్బులు, తాడు, పసుపు, నూనె కలిపి అయిదు వందల లోపే. ఆటోలు, జీపు దానికి మూడింతలు. మూడు వారాల తర్వాత మళ్ళీ వెళ్ళేవాళ్ళు ప్రశ్నలు అడగడం కన్నా ఇల్లు చూడడం మంచిది: తెర పైకి కట్టి ఉందా, అటక మీదే ఉందా. బిందె మీద మూత, పక్కన కాడ గ్లాసు ఉన్నాయా. కాలితో తొక్కే డబ్బాలో నీళ్ళున్నాయా, సబ్బు అరిగిందా. గుంజ మీద బొగ్గు గీతలు ఎన్ని మిగిలాయి. బ్లీచింగ్ బస్తా లోపలికి చేరిందా, ఇంకా వరండాలోనే ఉందా.